ఎండాకాలం బొమ్మలో అడవి: మ్యాపు చూసి జంతువుల తొవ్వ పట్టడం

హనుమకొండలో అటవీ జంతువుల సర్వే వలంటీర్ల శిక్షణలో చేసిన ప్రసంగం ఇది. అడవి అంచు ఊళ్ళ రైతులు కొందరు కూడా వచ్చారు. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాటలు మార్చలేదు.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తెర మీద బొమ్మలు చూపించాలి, అంత దూరం నుంచి మీకేం కనపడదు. అన్నా, ఆ కిటికీ పరదా కొంచెం వేయండి. ఆఁ, చాలు.

ఇందాక చాయ్ దగ్గర ఒక తమ్ముడు అడిగాడు, "సార్, మ్యాపులు చూసి వేటకు పోయే పద్ధతి యూట్యూబ్‌లో చూశాను, అదేనా మీరు చెప్పేది?" అని. అదే. దాచుకోవడానికేముంది? అమెరికాలో జింకల వేటకు పోయేవాళ్ళు సీజన్‌కు నెలల ముందే ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని కూర్చుంటారు. ఎక్కడ నీళ్ళున్నాయి, ఎక్కడ పొద ఉంది, ఏ గుట్ట మధ్య నుంచి జింక దాటుతుంది, అంతా ఇంట్లో కూర్చుని గుర్తు పెట్టుకుని, అప్పుడు బయలుదేరతారు. వాళ్ళకు లైసెన్సులున్నాయి, సీజన్లున్నాయి. మనకు లేవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట నేరం. అడవిపంది పంట తింటోందన్నా సరే, సెక్షన్ 11 కింద అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే, ఆ అనుమతి ఉన్నవాళ్ళే ముట్టుకోవాలి. కాబట్టి ఆ పద్ధతి మనం తీసుకుందాం, తుపాకీ వాళ్ళ దగ్గరే ఉంచుకోనీయండి. మనం పెట్టేది కెమెరా. లేదంటే రైతులైతే, కావలి.

సరే. అడవికి పోయేముందు మ్యాపు ఎందుకు చూడాలి? ఏటూరునాగారం అభయారణ్యం 800 చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది. పాకాల 860. అటు కవ్వాల్ టైగర్ రిజర్వ్ కోర్ ఒక్కటే 890 పైచిలుకు. ఇంత అడవిలో మీ చేతికి నాలుగు కెమెరాలిచ్చి పెట్టి రమ్మంటే ఎక్కడ పెడతారు? జీపు ఆగిన చోట పెడతారు! నవ్వకండి, చాలామంది చేసేది అదే. జీపు ఆగిన చోట జీపులే పోతాయి. కెమెరా నిండా బైకులు, మేకలు, కట్టెలకొచ్చిన మనుషులు.

ఇంకొకరు అడుగుతారు, "ఉపగ్రహ చిత్రంలో పులి కనపడుతుందా?" కనపడదు. పులి కాదు గదా, మందలో ఉన్న అడవి దున్న కూడా కనపడదు. మనకు ఫ్రీగా దొరికే సెంటినెల్ అనే ఉపగ్రహం బొమ్మలో ఒక చుక్క అంటే నేల మీద పది మీటర్లు పొడవు, పది మీటర్లు వెడల్పు. అందులో మీ ఇల్లే ఒకటి రెండు చుక్కలు. జంతువును వెతకొద్దు. జంతువుకు ఏం కావాలో అది వెతకండి. నీళ్ళు కావాలి, తిండి కావాలి, ఎవరి కంటా పడకుండా తలదాచుకునే చోటు కావాలి. ఈ మూడింటి మధ్య రోజూ తిరగాలి, తిరగడానికి తొవ్వ కావాలి. ఆ తొవ్వ ఎక్కడ ఇరుకు అవుతుందో అక్కడ మీ కెమెరా. ఇంతే.

కానీ ఇవాళ నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇంకొకటుంది. బొమ్మ ఏ నెలలో తీసింది? ఈ ప్రశ్న అడగకుండా ఏ ఉపగ్రహ చిత్రాన్నీ నమ్మొద్దు. దాని దగ్గరికే వస్తాను. ముందు కాగితం మ్యాపు సంగతి రెండు మాటల్లో.

ఇదిగో, ఇది సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు. 1767లో మొదలైన ఆఫీసు అది. వాళ్ళ సైటులో చాలా షీట్లు ఇప్పుడు ఫ్రీగానే దొరుకుతాయి. 1:50,000 స్కేలు, అంటే ఒక సెంటీమీటరుకు అర కిలోమీటరు, రెండు సెంటీమీటర్లకు కిలోమీటరు. పాత నంబర్ల ప్రకారం వరంగల్ 56ఓలో వస్తుంది, ఏటూరునాగారం 65బీలో. మధ్యలో 80 డిగ్రీల రేఖాంశం పోతుంది, అక్కడ 56 అయిపోయి 65 మొదలు. పాకాల చెరువు సరిగ్గా ఆ గీత దగ్గర ఉంది. అందుకే పాకాల పోయేవాళ్ళు ఒక్క షీటు పట్టుకుని పోతే సగం అడవి జేబులో ఉండదు, పక్క షీటు కూడా తీసుకోవాలి. కొత్త షీట్లకు నంబర్లు మారాయి, మన ప్రాంతానివి ఈ44తో మొదలవుతాయి. రెండు నంబర్లూ రాసి పెట్టుకోండి, ఫారెస్టు ఆఫీసులో పాతవాళ్ళు పాత నంబరే చెప్తారు.

ఈ షీటులో చూడాల్సినవి. గోధుమ రంగు గీతలు ఎత్తు చెప్తాయి. ఒక గీతకూ ఇంకో గీతకూ 20 మీటర్ల ఎత్తు తేడా. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిట్టనిలువు, దూరం దూరంగా ఉంటే వాలు. అంటే ఏమిటి? 15 మీటర్ల గుట్ట ఉందనుకోండి, రెండు గీతల మధ్యలో ఇమిడిపోయి మ్యాపులో అసలు రాకపోవచ్చు. మీరు చదునని పోతే అక్కడ పెద్ద పరుపుబండ, దాని కింద ఎలుగుబంటి దొన. కాబట్టి మ్యాపు చదును అన్నదని చదును అనుకోకండి.

వాగులు చూడండి. నీలం ఉంటే నీళ్ళు ఉన్నట్టు, నల్ల గీత ఉంటే ఎండిపోయే ఒర్రె. మన షీట్లలో నల్ల గీతలే ఎక్కువ. చెరువు కట్ట పక్కన చిన్న అంకె, దాని వెంబడి ఆర్ అని ఉంటుంది, చూశారా? అది కట్ట ఎత్తు, పక్క నేల నుంచి ఎన్ని మీటర్లో. నడి అడవిలో ఎవరికీ గుర్తులేని కుంటకు కూడా పక్కన 3 ఆర్ అని రాసి ఉంటుంది. కాకతీయుల కాలం నుంచీ ఈ నేల మీద కట్టినన్ని కుంటలు ఇంకెక్కడైనా ఉన్నాయా? సగం తెగిపోయి ఉంటాయి. తెగినా సరే, ఆ గుంటలో తడి మిగతా చోట్ల కంటే పది రోజులు ఎక్కువ ఆగుతుంది. అడవిపందికి అది చాలు, బురదలో పొర్లడానికి.

అయితే టోపోషీటుకు వయసుంది. సర్వే చేసిన సంవత్సరం కింద అంచున రాసి ఉంటుంది, ముందు అది చదవండి. అప్పటికి లేని ఊళ్ళున్నాయి, అప్పటికి లేని పోడు ఉంది. భూపాలపల్లి దగ్గర, రామగుండం దగ్గర షీటులో అడవి అని పచ్చగా ఉన్న చోట ఇప్పుడు సింగరేణి ఓపెన్‌కాస్టు గొయ్యి ఉండొచ్చు, గొయ్యి పక్కన తవ్విపోసిన మట్టి గుట్ట ఉండొచ్చు. అది గుట్ట అనుకుని చిరుత కోసం వెతక్కండి మరి. ఫోన్ యాప్‌లలో ఎత్తులు చూపిస్తాయి కదా, చాలావాటికి ఆధారం 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన లెక్కలు. అదీ పాతదే. పైగా ఆ రాడారు దట్టమైన అడవిలో నేల దాకా దిగదు, చెట్ల తలల దగ్గరే ఆగి వెనక్కి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫోన్ తీసి గూగుల్ మ్యాప్స్‌లో శాటిలైట్ నొక్కితే అడవి కనపడుతుంది, అవునా? అది ఏ రోజుది? ఎవరైనా చెప్పగలరా? ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే ఆ యాప్ చెప్పదు. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిస్తే కింద తేదీ ఉంటుంది, గడియారం గుర్తు నొక్కితే పాత తేదీలన్నీ వరసగా వస్తాయి. అది వాడండి. అది లేకపోతే కోపర్నికస్ బ్రౌజర్, యూరప్ వాళ్ళది, ఫ్రీ. సెంటినెల్-2 ఉపగ్రహాలు 2017 నుంచి దాదాపు ఐదు రోజులకోసారి మన మీద నుంచి పోతున్నాయి. వివరం తక్కువే, కానీ తేదీ మీ చేతిలో ఉంటుంది. మన ఇస్రో వాళ్ళ భువన్ కూడా ఉంది, 2009 నుంచి. పదును ఎక్కువున్న పాత బొమ్మ, పదును తక్కువున్న మొన్నటి బొమ్మ, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఒక్కదాంతో పని కాదు.

ఎందుకింత చెప్తున్నానంటే, మనది టేకు అడవి, ఆకు రాల్చే అడవి. కేరళలో లాగా ఏడాదంతా పచ్చగా ఉండదు. అక్టోబరులో పైనుంచి చూస్తే అంతా ఒకటే పచ్చ, చెరువులు నిండుగా, ప్రతి ఒర్రెలో నీళ్ళు. ఆ బొమ్మ చూసి నీళ్ళు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకుంటారా? ప్రతి చోటా ఉన్నాయి! ప్రతి చోటా ఉన్నాయంటే జంతువు ఎక్కడైనా ఉండొచ్చు, ఆ బొమ్మ మీకు ఏమీ చెప్పనట్టే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు, సగం రోజులు బొమ్మే ఉండదు. ఇక ఏప్రిల్ చివర, మే మొదట్లో తీసింది తెరవండి. టేకు ఆకు మొత్తం రాలిపోయి ఉంటుంది. నేల కనపడుతుంది, బండ కనపడుతుంది, బాటలు కనపడతాయి, చెట్ల కింద దాక్కున్నదంతా బయటపడుతుంది. ఆ బూడిద రంగు అడవి మధ్యలో సన్నగా, వంకర తిరుగుతూ ఒక పచ్చటి గీత పోతుంటుంది చూడండి, నరం లాగా. అది వాగు. నీళ్ళు పైన లేకపోవచ్చు, కింద తడి ఉంది, అందుకే ఒడ్డున నేరేడు, మద్ది, కానుగ పచ్చగా నిలబడ్డాయి. ఇసుకలో చెలిమె తీస్తే నీళ్ళు వస్తాయి. మనుషులకే కాదు, పందులకూ ఆ సంగతి తెలుసు.

కాబట్టి నా లెక్క ఇది. ఏ చోటికి పోవాలన్నా ముందు అక్కడి ఏప్రిల్, మే బొమ్మ. ఆ తర్వాత నవంబరు బొమ్మ, రెండిటికీ తేడా చూడటానికి. నవంబరులో ఉన్న నీళ్ళలో మే దాకా మిగిలినవి ఎన్ని? ఆ మిగిలిన వాటి చుట్టూ గుండ్రంగా గీత గీయండి. అడవి అంతా ఆ గీతల దగ్గరికే వస్తుంది. అటవీ శాఖవాళ్ళు సాసర్ పిట్లు, అంటే పళ్ళెం లాంటి నీటి గుంటలు, కట్టి ట్యాంకర్లతో నీళ్ళు నింపుతారు కదా, అవి చిన్నవి, బొమ్మలో దొరకవు. బీట్ ఆఫీసర్‌ను అడిగి మ్యాపు మీద చేత్తో గుర్తు పెట్టుకోండి.

దీంట్లో మోసాలున్నాయి. ఏప్రిల్‌లో పచ్చగా ఉన్నదల్లా తడి కాదు. జామాయిల్ తోట ఉందనుకోండి, ఎండాకాలంలోనూ పచ్చగానే ఉంటుంది. దాని కింద గడ్డి మొలవదు, నీళ్ళు నిలవవు, జంతువుకు అక్కడ పెద్దగా పని లేదు. ఎలా పోల్చుకోవాలి? అంచు చూడండి. అంచు తిన్నగా గీత గీసినట్టు ఉండి, లోపల వరసలు వరసలుగా ఉంటే మనిషి పెట్టింది. అడవి ఎప్పుడూ తిన్నగా ఉండదు. పాకాల చెరువులో ఇదే చూడండి. గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో, గుట్టల మధ్య కట్ట వేసి కట్టిన చెరువు. ముప్పై చదరపు కిలోమీటర్ల నీళ్ళు. ఎండాకాలంలో నీళ్ళు వెనక్కి జరిగితే, ఆ బయటపడ్డ శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, పచ్చదనం వస్తుంది. వంకరటింకరగా నీటి అంచును అనుసరించి పోతే అది గడ్డి, దుప్పులు వచ్చే చోటు. నలుచదరంగా మళ్ళు మళ్ళుగా ఉంటే ఎవరో సాగు చేసుకుంటున్నారు.

ఇంకో మోసం. నల్లగా కనపడిందల్లా నీళ్ళు కాదు. ఫిబ్రవరి నుంచి అడవిలో నిప్పు మొదలవుతుంది, ఇప్పపువ్వు ఏరడానికి చెట్ల కింద తగలబెడతారు, తునికాకు చిగురు కోసం తగలబెడతారు. కాలిన నేల పైనుంచి నల్లగా ఉంటుంది, లోతు నీళ్ళూ నల్లగానే ఉంటాయి. మామూలు రంగుల్లో రెండూ ఒకటే. కోపర్నికస్‌లో షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ అని ఒక రంగుల వరస ఉంది, అది నొక్కితే నీళ్ళు నల్లగానే ఉండిపోతాయి, కాలిన నేల ఎరుపు, గోధుమ రంగుకు తిరుగుతుంది. ఒక్క బటనే, నేర్చుకోండి. కాలిన చోటును కూడా వదిలేయొద్దు, ఒక్క వాన పడితే అక్కడ లేత గడ్డి లేస్తుంది, దుప్పులు అక్కడే మేస్తాయి.

ఇది చూడండి, ఈ బొమ్మలో ఏముంది? గుట్టనా, గొయ్యా? చేతులెత్తండి. గొయ్యి అన్నవాళ్ళు... చాలామంది. గుట్ట అన్నవాళ్ళు... ఇద్దరు. ఇద్దరే కరెక్టు. ఉపగ్రహం మన మీద నుంచి పొద్దున పదిన్నర ప్రాంతంలో పోతుంది. చలికాలంలో అప్పుడు సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు, నీడ వాయవ్యానికి పడుతుంది, అంటే బొమ్మలో పైకి, ఎడమకి. మన కన్నేమో వెలుతురు పైనుంచి వస్తుందనుకునే అలవాటుది. దాంతో గుట్ట గొయ్యిలా, లోయ గట్టులా తిరగబడి కనపడుతుంది. ఏం చేయాలి? ఫోన్ తలకిందులుగా తిప్పండి. చూశారా, లేచింది! జనవరి బొమ్మలో ఈ చిక్కు ఎక్కువ, మే బొమ్మలో సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కాబట్టి నీడే తక్కువ. అయినా గుట్టల ఆకారం చూడాలంటే నీడ ఉన్న జనవరి బొమ్మే మేలు, ఆ తిప్పడం ఒక్కటి గుర్తుంచుకుంటే.

ఇప్పుడు మన దగ్గరివే రెండు ఉదాహరణలు చెప్తాను, తేదీ చూడకపోతే ఏమవుతుందో.

ఒకటి మేడిగడ్డ. కాళేశ్వరం దిగువన గోదావరి మీద బ్యారేజీ. 2019కి ముందు తీసిన ఎండాకాలం బొమ్మ చూడండి, ఇసుక, మధ్యలో సన్నటి పాయలు. ఇదే చోట 2021 బొమ్మ, బ్యారేజీ వెనక ఒడ్డు నుంచి ఒడ్డు దాకా నీళ్ళు. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాక నీళ్ళు వదిలేశారు, 2024 ఎండాకాలం బొమ్మలో మళ్ళీ ఇసుక. మహారాష్ట్ర వైపు అడవుల్లోంచి జంతువు ఇటు దాటాలంటే ఈ మూడు బొమ్మల్లో ఏది నిజం? మూడూ నిజమే, వాటి వాటి రోజున. మీరు 2021 బొమ్మ పట్టుకుని "ఇక్కడ దాటవు" అని రాసేస్తే సర్వే ఫారం మొత్తం తప్పు.

రెండోది మీ అందరికీ తెలుసు. 2024 ఆగస్టు 31. తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో గాలికి వేల చెట్లు ఒక్కసారిగా కూలిపోయాయి. గూగుల్‌లో మీ కంటికి పడే బొమ్మ అంతకు ముందుదైతే అక్కడ గుబురు అడవి, లోపలికి నడిచే బాట. ఇప్పుడు పోతే? పడిపోయిన మానులు అడ్డం, బాట ఉండదు, పైన నీడ ఉండదు, ఎండ నేల మీద పడి గడ్డి, పొద లేచి ఉంటుంది. దుప్పికి అది మేత, చిరుతకు పొంచి ఉండే చోటు, మీకు మాత్రం అడుగు పడదు. ఆ సంవత్సరం ఆగస్టుకు ముందుదీ, తర్వాతి నవంబరుదీ పక్కపక్కన పెడితే ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అడవి పోయిందో పది మీటర్ల బొమ్మలో కూడా తెలుస్తుంది. ఇంటికి పోయి చేసి చూడండి, నేర్చుకోవడానికి అంతకంటే మంచి పాఠం లేదు.

నీళ్ళు దొరికాయి, పొద దొరికింది. ఇక తొవ్వ. జంతువు కూడా మనలాంటిదే, ఉత్తపుణ్యానికి గుట్ట ఎక్కి దిగదు. రెండు గుట్టల మధ్య పల్లంగా ఉన్న గండి ఉంటే అందులోంచే దాటుతుంది. టోపోషీటులో రెండు వైపులా గుండ్రటి గీతలు ఉండి, నడుమ సన్నగా ఖాళీ ఉంటుంది, అదే గండి. ఎండాకాలం నీళ్ళు గుట్టకు ఒక వైపు ఉండి, దట్టమైన పొద ఇంకో వైపు ఉంటే, మధ్యలో ఒకటే గండి ఉంటే, అక్కడ కెమెరా పెట్టకపోతే ఇంకెక్కడ పెడతారు? రెండు వాగులు కలిసే చోటు కూడా అంతే. పులి, చిరుత మెత్తటి ఇసుక మీద నడవడానికి ఇష్టపడతాయి, అడుగులు కూడా అక్కడే దొరుకుతాయి.

పులుల లెక్కింపుకు పోయేవాళ్ళకు ఒక మాట. 2006 నుంచి నాలుగేళ్ళకోసారి జరిగే లెక్క అది. అందులో అడవిని రెండు చదరపు కిలోమీటర్ల గళ్ళుగా విడగొట్టి, గడికి ఒక జత కెమెరాలు పెడతారు. జత ఎందుకు? పులికి ఎడమ వైపు చారలు వేరు, కుడి వైపు వేరు, రెండు వైపులా ఫొటో పడితేనే అది ఏ పులో తేలుతుంది. గడి మీకు ఇస్తారు, గడిలో ఎక్కడ పెట్టాలన్నది మాత్రం మీరూ, మీ బీట్ ఆఫీసరూ తేల్చుకోవాలి. ఇప్పుడు చెప్పినదంతా ఆ గడిలో ఆ ఒక్క చోటు కోసమే.

రైతన్నలు ఇందాకటి నుంచి ఓపిగ్గా కూర్చున్నారు, మీ సంగతి. పంది మక్క చేనులోకి ఎటు నుంచి వస్తుంది? "అన్ని వైపుల నుంచీ" అంటారు, నాకు తెలుసు. అన్ని వైపుల నుంచీ రాదన్నా. మీ చేను ఉపగ్రహ బొమ్మలో తెరవండి, యాసంగి పంట నిలబడి ఉన్న ఫిబ్రవరిది. అడవి అంచు నుంచి మీ చేను దాకా ఎక్కడైనా పొద తెగకుండా వస్తోందా చూడండి. ఒర్రె ఒడ్డున తుప్పలు, పాడుబడ్డ కాలువ గట్టు, బీడు పెట్టిన చెలకలో లేచిన ముళ్ళపొద, ఏదైనా సరే. బయలు నేల మీద నడవడం పందికి ఇష్టం ఉండదు, ఆ పొద వెంబడి గెట్టు దాకా వచ్చి, అక్కడి నుంచి ఒక్క దూకు. మంచె వేసేది, దీపం పెట్టేది, సోలార్ కంచె డబ్బులు చాలకపోతే ముందు బిగించేది ఆ పొద తగిలే మూల దగ్గర. పొద్దున్నే గెట్టు మీద తిరిగి అడుగులు చూసుకోండి, బొమ్మ చెప్పిందీ నేల చెప్పిందీ కలిస్తే ఇక అనుమానం లేదు. చుట్టుపక్కల చేన్లు కోత అయిపోయి మీదొక్కటే పచ్చగా ఉందా? అది కూడా పైనుంచి కనపడుతుంది. ఆ వారం రాత్రి కావలి తప్పదు.

ఇంకొకటి, కటువుగానే చెప్తాను. కరెంటు తీగలు పెట్టకండి. పంది కోసం పెట్టిన తీగకు పక్క చేను మనిషి పోయిన ఊళ్ళు మీకూ తెలుసు, నాకూ తెలుసు. పులి కూడా పోతుంది. జైలు సంగతి తర్వాత, తెల్లారి ఆ ఇంటి ముందు నిలబడేది మీరే. ఉచ్చులూ అంతే.

వలంటీర్లకు పనికొచ్చే చిల్లర విషయాలు త్వరగా చెప్పేస్తాను. లోపల సిగ్నల్ ఉండదు, ఇక్కడే మ్యాపు ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. గుర్తు పెట్టిన చోట్లు కాగితం మీద కూడా రాసుకోండి, బ్యాటరీ అయిపోతే కాగితమే దిక్కు. అక్షాంశ రేఖాంశాలు అందరూ ఒకే తీరులో రాయండి, ఒకరు డిగ్రీలు నిమిషాలు సెకన్లలో, ఇంకొకరు దశాంశాల్లో రాస్తే కెమెరా తీయడానికి పోయినవాళ్ళు అడవంతా తిరగాలి. 17 డిగ్రీల 30 నిమిషాలంటే 17.30 కాదు, 17.50. ఈ ఒక్క తేడా నేల మీద ఇరవై కిలోమీటర్లు దాటుతుంది! మ్యాపులో రెండు కిలోమీటర్లంటే అరగంట అనుకోకండి, ఏప్రిల్‌లో బండల మీద అది పూట పని. డ్రోను ఎగరేస్తాం సార్ అని ఎవరో అడిగారు, అటవీ శాఖ అనుమతి లేకుండా అభయారణ్యంలో డ్రోను మాటే ఎత్తొద్దు, కెమెరా పెట్టడానికీ లోపల అడుగు పెట్టడానికీ అంతే.

ఒక ప్రశ్న వచ్చింది ఇక్కడ, "బొమ్మలో అన్నీ కుదిరిన చోటు దొరికింది, పోతే అక్కడ ఏమీ లేదు, అప్పుడు?" మంచి ప్రశ్న. అట్లా జరుగుతుంది. పోయిన చోట ముందు పశువుల పేడ ఉందా చూడండి. ఊరి మంద రోజూ ఆ నీటికి వస్తుంటే జంతువు పగలు రాదు, రాత్రి రావచ్చు, లేదా పై మడుగుకు పోతుంది. కుక్కలు వస్తున్నాయా చూడండి. ఉపగ్రహానికి మనిషి అలికిడి వినపడదు. అందుకే ఇంటి దగ్గర ఒక్క చోటు కాదు, మూడు నాలుగు చోట్లు గుర్తు పెట్టుకుని పోవాలి, నేల మీద చూసి అందులో ఒకటి ఎంచుకోవాలి. ఆ ఊరి గొర్లకాపరిని అడగండి. మ్యాపు ముందేసి అడిగితే ఆయనకు అంతుపట్టకపోవచ్చు, "ఎండాకాలం ఆఖరున నీళ్ళు ఎక్కడ మిగుల్తయి పెద్దయ్యా" అని అడగండి, సరాసరి చెయ్యి చూపిస్తాడు. ఆయన చూపించిన చోటును మీ బొమ్మలో వెతకండి. ఎందుకు అక్కడే నీళ్ళు ఆగాయో అప్పుడు మీకు తెలుస్తుంది, తర్వాతిసారి అలాంటి చోటు మీరే పట్టుకుంటారు.

లొకేషన్లు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. పులి అడుగు దొరికిందని సంతోషంతో ఫొటో తీసి అక్షరాలా చోటుతో సహా పంపిస్తారు, ఆ గ్రూపులో ఎవరెవరున్నారో మీకు తెలుసా? ఉచ్చులు పెట్టేవాళ్ళ దగ్గర కూడా ఫోన్లున్నాయి, వాళ్ళకూ ఈ మ్యాపులు ఫ్రీనే. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయండి, ఇప్పుడే ఆపేయండి. సర్వే ఫారంలో రాయండి, రేంజ్ ఆఫీసులో ఇవ్వండి, అక్కడితో సరి.

సరే, మాటలు చాలు. ల్యాప్‌టాపులు ఉన్నవాళ్ళు ఆ కిటికీ వైపుకి రండి, లేనివాళ్ళు ఇద్దరిద్దరు కూడండి. పాకాల చెరువు తెరవండి, కట్ట వైపు కాదు, తూర్పున అడవి లోపలికి. నవంబరుది ఒకటి, మే మొదటి వారంది ఒకటి దింపండి. మే బొమ్మలో మిగిలిన పచ్చ గీతలు పెన్నుతో ఈ షీటు మీద గీయండి, అందులో జామాయిల్ ఏదో, వాగు ఏదో పక్కన రాయండి. రైతులు మీ ఊరి పేరు చెప్పండి, మీ చేను నేను తెరిచి చూపిస్తాను. భోజనాలు ఒంటిగంటకు.